సరిహద్దు సంఘాల్లో శిష్యత్వ గుంపు నడపడం ఎలా: సన్నాహం నుంచి రెండో గుంపు దాకా

ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు సంఘ పెద్దలు, యవ్వనస్థుల నాయకులు తరచూ అడిగేది ఒకటే. "ఆదివారం మందిరం నిండుతోంది. ఉజ్జీవ కూటాలు పెడితే పందిరి చాలడం లేదు. సోమవారానికి మాత్రం ఎవరి అలవాట్లు వాళ్లవే. విశ్వాసులు ఎదగాలంటే ఏం చెయ్యాలి?"

ఇంకో కూటం, ఇంకో ప్రసంగీకుడు దీనికి మందు కాదు. చిన్న గుంపు పెట్టండి. ఐదారుగురు, ఒక నాయకుడు, వారానికోసారి, ఒక వాక్యభాగం, ఆ వారం చెయ్యాల్సిన ఒక పని. ఇది ఏ ఊళ్లోనైనా చెప్పే మాటే. మన వైపు మాత్రం గుంపు నిలబడేదీ చెదిరిపోయేదీ ముందు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: ఎవరు ఏ లిపి చదవగలరో చూసుకున్నారా లేదా. అందుకే ఆ భాగం కాస్త పొడుగ్గా రాశాను.

ఇదంతా సంఘంలో ఇప్పటికే ఉన్నవాళ్ల కోసం. లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, ఏ సంఘానికైనా పనికొస్తుంది.

1. ముందు నెల: అనుమతి, జాబితా

పాస్టరుగారితో, పెద్దలతో మాట్లాడకుండా మొదలుపెట్టకండి. ఇళ్లలో కూటాలంటే "వీళ్లు వేరే సంఘం పెడుతున్నారు" అనే మాట వారం తిరక్కుండానే లేస్తుంది. గుంపు సంగతి పాస్టరుగారే ఆదివారం ఆరాధనలో ప్రకటించాలి. నాయకుల కోసం అందరి ముందూ ప్రార్థన చేయించాలి.

తర్వాత ఒక రూళ్ల నోటు పుస్తకం తీసుకుని నాలుగు గడులు గియ్యండి:

- పేరు, వయసు
- ఇంట్లో మాట్లాడే భాష
- తడుముకోకుండా చదవగల లిపి
- వీలైన రోజు, గంట

మూడో గడిలో ఊహించి రాయొద్దు. బైబిల్ చేతికిచ్చి రెండు వచనాలు చదివించండి. "చదువొచ్చా" అని అడిగితే అందరూ వచ్చనే అంటారు, మొహమాటం. అందరి ముందు చదివించొద్దు, ఇంటికి వెళ్లినప్పుడు మాటల్లో పెట్టి చూడండి.

నాలుగో గడికి పంటల లెక్క కావాలి. ఉడుపులప్పుడు, కోతలు, నూర్పులప్పుడు పొలం నుంచి ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. జీడితోటలున్నవాళ్లకి ఎండాకాలమే పని. ఏడాదిలో ఆరేడు వారాలు గుంపు జరగదని ముందే ఒప్పుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. "కోతలయ్యాక ఫలానా శుక్రవారం మళ్లీ కలుస్తాం" అని తేదీ చెప్పి ఆపితే తిరిగి వస్తారు. చెప్పకుండా ఆగిపోయిన గుంపు చాలామట్టుకు మళ్లీ లేవదు.

2. నాయకుణ్ణి ఎంచుకోవడం

బాగా మాట్లాడేవాణ్ణి పెట్టడం మామూలుగా జరిగే తప్పు. రెండో తిమోతి 2:2లో పౌలు చెప్పిన క్రమం చూడండి. పౌలు దగ్గర విన్నది తిమోతి నమ్మకమైనవాళ్లకి అప్పగించాలి, వాళ్లు ఇతరులకి బోధించాలి. అక్కడ మొదట అడిగింది నమ్మకం. బోధించే సామర్థ్యం దానికి తోడుగా ఉండాలి.

చూడాల్సినవి:

- ఇంట్లోవాళ్లు అతని గురించి ఏమంటారు
- ఊళ్లో అప్పు ఎగ్గొట్టాడన్న మాట ఉందా
- విన్నది కడుపులో దాచుకోగలడా
- పాస్టరుగారు దిద్దితే ఒప్పుకుంటాడా
- తనకి తెలియనిది "తెలీదు, అడిగి చెబుతాను" అనగలడా

చివరిది దొరికితే మిగతావి నేర్పించుకోవచ్చు.

మన వైపు ఒక పాస్టరుగారే మూడు నాలుగు ఊళ్లు చూసుకుంటారు. ఆయనే గుంపులన్నీ నడపాలంటే ఆ పని రెండు నెలలు దాటదు. ఆయన పదిహేను రోజులకోసారి నాయకులతో మాత్రం కూర్చోవాలి. వచ్చే రెండు పాఠాలు వాళ్లతో చదవాలి, గుంపులో ఎవరి పరిస్థితి ఏమిటో వినాలి. పాస్టరమ్మగారో, స్త్రీల సమాజంలో పెద్దక్కో స్త్రీల గుంపుల నాయకురాళ్లకి ఇదే చెయ్యాలి.

3. గుంపు కూర్చడం

నలుగురికి తగ్గొద్దు, ఎనిమిది దాటొద్దు. స్త్రీలది వేరు, పురుషులది వేరు పెడితే మాట తెరుచుకుంటుంది. కొత్తగా పెళ్లయిన జంటలకి కలిపి ఒక గుంపు ఉంటే మంచిదే.

ఒకే వీధివాళ్లని కలపడం సులువు. కానీ మన ఊళ్లలో వీధి అంటే చాలాసార్లు కులమే. ప్రభు బల్ల దగ్గర కలిసి నిలబడేవాళ్లు ఒకరింట్లో ఒకరు టీ తాగకపోతే ఆ విషయం గుంపులోనే బయటపడాలి, గుంపులోనే నయం కావాలి. కనీసం రెండు వీధులవాళ్లు ఉండేలా చూడండి. ఎవరూ పైకి అనరు గానీ మొదట్లో ఇబ్బంది పడతారు. పడనివ్వండి.

4. భాష: అసలు చిక్కు ఇక్కడే

ఒకే ఇంట్లో చూడండి. నాయనమ్మకి తెలుగు పాటలన్నీ నోటికి వచ్చు, చదవడం రాదు. కొడుకు కూడబలుక్కుని తెలుగు చదువుతాడు. కోడలిది ఒడియా మాట్లాడే ఇల్లు. మనవరాలు ఒడియా మీడియం బడిలో చదువుతోంది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది గానీ తెలుగు బైబిల్ చేతికిస్తే ముద్దలా కనబడుతుంది. కొండ దిగువ ఊళ్లలో సవర భాష మాట్లాడే గిరిజన కుటుంబాలు కూడా ఉంటాయి. వీళ్లందరికీ తలో తెలుగు బైబిల్ పంచి "అధ్యాయం చదువుకుని రండి" అంటే మూడో వారానికి ఇద్దరు మిగులుతారు.

దీనికి తోడు మనం వాడే పాత తెలుగు బైబిల్ గ్రాంథికంలో ఉంటుంది. తెలుగు చదివేవాళ్లకి కూడా "చేయుచున్నాడు", "యెరుగుదురు" అంటూ సాగే వాక్యం ఒక్కసారికి ఎక్కదు.

పనిచేసే పద్ధతి ఇది. వరుస మార్చకండి.

మొదటి చదువు, తెలుగు. వచ్చినవాళ్లలో ఒకరు మెల్లగా చదవాలి. మిగతావాళ్లు పుస్తకం చూడకుండా వినాలి.

రెండో చదువు, ఒడియా. ఒడియా బైబిల్ ఒకటి గుంపుకి తప్పనిసరిగా ఉండాలి. బడికెళ్లే పిల్ల గానీ కోడలు గానీ చదవాలి. కొన్ని ఒడియా ముద్రణల్లో అధ్యాయాల, వచనాల అంకెలు కూడా ఒడియాలోనే ఉంటాయి. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు పేజీ వెతకలేరు కాబట్టి చదివేవాళ్లకి ముందురోజే చోటు చూపించి కాగితం పెట్టించండి.

మూడోది, నోటితో. పుస్తకాలు మూసెయ్యాలి. ఒకరు ఆ భాగాన్ని ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. తప్పిపోయింది మిగతావాళ్లు అందించాలి, లేనిది కలిపితే ఆపాలి. చదువురాని పెద్దవాళ్లు ఇక్కడ ముందుంటారు. చెవితో పట్టుకోవడం వాళ్లకి అలవాటు. విత్తువాని ఉపమానం చెబుతూ ఒకావిడ, "దారి పక్కన పడినవి పిట్టలు తినీసేయి, రాళ్లల్లో పడినవి మొలిచేయి గానీ ఎండకి మాడిపోయేయి" అని వేళ్లు మడుస్తూ నాలుగు నేలలూ వరసగా చెప్పింది. తెలుగు, ఒడియా రెండూ చదివిన కుర్రాడు ముళ్ల నేల మర్చిపోతే అందించింది ఆవిడే.

కంఠత వాక్యం వారానికి ఒకటే ఇవ్వండి. తెలిసిన పాట వరస దొరికితే దానికి కట్టండి. పిల్లలు ఒడియాలో నేర్చుకుంటే ఒడియాలోనే అప్పజెప్పనివ్వండి.

తెలుగు, ఒడియా ఆడియో బైబిళ్లు ఫోన్ యాప్‌లలో ఉచితంగా దొరుకుతాయి. సిగ్నల్ ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కొండ ఊరికి వెళ్లాక తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

తెలుగు చదవాలని ఉన్న పిల్లలకి సండే స్కూల్లో వేసవిలో అక్షరాలు నేర్పించండి, మంచిదే. శిష్యత్వం మాత్రం ఆ అక్షరాల కోసం ఆగకూడదు.

5. ఒక కూటం, గంటంపావు

- పది నిమిషాలు: ఒక పాట, చిన్న ప్రార్థన. నాలుగు పాటలైతే ఇంక అది ఆరాధనే.
- పది నిమిషాలు: పోయిన వారం అనుకున్న పని ఏమైంది? ఒక్కొక్కరు చెప్పాలి. చెయ్యలేకపోతే ఎందుకో చెప్పాలి. ఈ భాగాన్ని ఎప్పుడూ ఎగ్గొట్టొద్దు. మొహమాటానికి మొదట తెగ్గొట్టేది ఇదే, గుంపు బలమంతా ఉన్నదీ ఇక్కడే.
- ముప్పై నిమిషాలు: వాక్యం, పైన చెప్పిన మూడు మెట్లలో. తర్వాత మూడు ప్రశ్నలు: దేవుని గురించి ఏం తెలిసింది? ఇందులో నాలాంటివాడు ఎవరు? నేను ఏం మానాలి, ఏం చెయ్యాలి?
- పది నిమిషాలు: ఈ వారం పని. ఒక్కొక్కరు ఒక్కటే, అదీ పేరూ రోజూ చెప్పగలిగేంత చిన్నది. "ప్రేమగా ఉంటాను" అంటే ఒప్పుకోకండి. "శనివారం మా తోడికోడలి దగ్గరికి వెళ్లి మాట్లాడతాను" అంటే రాసుకోండి.
- పదిహేను నిమిషాలు: ఒకరి కోసం ఒకరు ప్రార్థన. ప్రార్థన రానివాళ్లు ఒక్క వాక్యం చెబితే చాలు.

నాయకుడు మాట్లాడింది మొత్తం పావుగంట దాటితే ఎక్కువైనట్టు. ప్రశ్న అడిగాక ఎవరూ మాట్లాడకపోతే ఊరుకోండి. ఆ నిశ్శబ్దం భరించలేక నాయకుడే జవాబు చెప్పేస్తే, వచ్చే వారం నుంచి అందరూ ఆ జవాబు కోసమే కూర్చుంటారు.

6. మొదటి ఆరు నెలలు ఏం చదవాలి

ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వద్దు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథ వేగంగా నడుస్తుంది, నోటితో చెప్పడానికి వీలు.

- 1:14-20, జాలరులని పిలవడం
- 2:1-12, పక్షవాతం ఉన్నవాడు, అతన్ని మోసుకొచ్చిన నలుగురు
- 4:1-20, విత్తువాడు
- 4:35-41, తుపాను
- 5:25-34, రక్తస్రావంతో ఉన్న స్త్రీ
- 7:14-23, మనిషిని అపవిత్రం చేసేది ఏది
- 8:27-38, సిలువ ఎత్తుకోవడం
- 10:35-45, గొప్పవాడు కాదలచినవాడు
- 12:41-44, విధవరాలి రెండు కాసులు
- 14:32-42, గెత్సేమనే
- 14:66-72, పేతురు బొంకడం
- 15:21-39, సిలువ
- 16:1-8, ఖాళీ సమాధి

తర్వాత ప్రార్థనకి లూకా 11:1-13, సంఘజీవితానికి అపొస్తలుల కార్యములు 2:42-47, తగువులకి మత్తయి 18:15-17 తీసుకోండి. ఆ తర్వాత యాకోబు పత్రిక ఐదు అధ్యాయాలూ వారానికొకటి. నోటిమాట, డబ్బున్నవాడికి ముందు కుర్చీ వెయ్యడం, కూలివాడి జీతం బిగబట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. మేస్త్రి పని చేసేవాళ్లు గుంపులో ఉంటే ఐదో అధ్యాయం వారం తొందరపడకండి.

7. వారం మధ్యలో

నాయకుడు వారంలో ఒక ఇంటికైనా వెళ్లాలి. వెళ్లి వాక్యం చెప్పక్కర్లేదు. జ్వరంతో ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడం, పాతపట్నం ఆసుపత్రికి తోడు వెళ్లడం కూడా ఇందులో పనే.

చెన్నై, సూరత్, హైదరాబాదు పనికి వెళ్లినవాళ్లని వదిలెయ్యకండి. ఆ వారం భాగం, ప్రశ్న చెబుతూ మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. ప్రసంగం మొత్తం పంపితే ఎవరూ వినరు. షిఫ్టు దిగాక ఫోన్‌లో పది నిమిషాలు దొరికితే పోయిన వారం పని ఏమైందో అడగండి, అంతే. అక్కడ దగ్గర్లో ఏదో ఒక సంఘంలో చేరేదాకా వెంటపడండి. ఫోన్ సహవాసం ఎప్పటికీ చాలదు.

8. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ దగ్గర

లూథరన్ సంఘాల్లో పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి గుంపుని కన్ఫర్మేషన్ క్లాసుకి, అంటే పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే ముందు జరిగే పాఠాలకి, జోడించండి. విశ్వాసుల బాప్తిస్మం ఇచ్చే సంఘాల్లో, అడిగినవాళ్లు గుంపులో కనీసం మూడు నెలలు నడిచాక పెద్దలు కూర్చుని మాట్లాడితే మంచిది. మంచి శుక్రవారం దగ్గరపడిందనో లెక్క పెరగాలనో తొందరపెట్టొద్దు.

క్రైస్తవేతర కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి బాప్తిస్మం అడిగితే జాగ్రత్త. ఒడిశాలో మత స్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది, దాని నియమాలు 1989లో వచ్చాయి. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడం నేరం. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో శిక్ష ఎక్కువ. ఈ చట్టం చెల్లుతుందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి:

- ఆ రోజుకి అమల్లో ఉన్న నియమాలు న్యాయవాదిని అడిగి, కావాల్సిన కాగితాలు పూర్తయ్యాకే ముందుకెళ్లండి
- బియ్యం, మందులు, ఫీజులు, ఏ సాయమూ గుంపుకి రావడంతో ముడిపెట్టకండి
- మైనర్లకి తల్లిదండ్రులకి తెలియకుండా ఏదీ వద్దు
- 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంటుందని, ఎస్టీ హోదాకి అలా మతంతో ముడి లేదని వాళ్లకి దాచకుండా చెప్పండి

ఈ చివరి సంగతి చెప్పడానికి చాలామంది పెద్దలు జంకుతారు. చెప్పకపోవడమే అన్యాయం. బతుకు మీద పడే విషయం తెలిసి నిర్ణయించుకోవాలి.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

టీ పోటీ. మొదటి ఇంట్లో టీ, రెండో ఇంట్లో టీ బిస్కెట్లు, మూడో ఇంట్లో ఉప్మా, నాలుగో ఇంట్లో బూరెలు. ఐదో ఇల్లు బీదది, ఆ వారం "మా ఇంట్లో కుదర్దమ్మా, ఒంట్లో బాగోలేదు" అని కబురొస్తుంది. మొదటి వారమే నియమం పెట్టండి: మంచినీళ్లు, కావాలంటే టీ. ఎవరింట్లోనైనా అంతే.

ఒక్కరే మాట్లాడడం. ఆయనకి సమయం చూసే పని అప్పగించండి. గడియారం చేతిలో ఉంటే చాలామంది తగ్గుతారు. తగ్గకపోతే నాయకుడు విడిగా చెప్పాలి, అందరి ముందు కాదు.

గుట్టు బయటికి పోవడం. ఇది జరిగితే గుంపు పోయినట్టే అనుకోకండి, కానీ ఆ వారమే తేల్చండి. మత్తయి 18 క్రమమే పాటించండి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో. ప్రార్థన అంశం పేరుతో ఊళ్లో చెప్పడం కూడా గుట్టు విప్పడమే.

డబ్బు. గుంపులో కానుక పట్టొద్దు, చీటీ కట్టొద్దు, అప్పు ఇచ్చిపుచ్చుకోవద్దు. ఎవరికైనా కష్టం వస్తే పెద్దలకి చెప్పి సంఘం తరఫున చెయ్యండి. విడిపోయి వేరే సంఘాలైన గుంపుల కథలు చాలామట్టుకు చిన్న కానుక డబ్బాతోనే మొదలవుతాయి.

ప్రవచనాలు, కలలు. "నీ మీద ఎవరో చేతబడి చేశారని దేవుడు నాకు చూపించాడు" వంటి మాట గుంపులో వస్తే నాయకుడు అక్కడే ఆపి పాస్టరుగారి దాకా తీసుకెళ్లాలి. మన వైపు చేతబడి అనుమానాలతో ప్రాణాలే పోతున్నాయి. జబ్బుంటే ప్రార్థన చెయ్యండి, డాక్టరు దగ్గరికీ పంపండి.

10. పిల్లలు, ఒంటరి స్త్రీల జాగ్రత్త

పిల్లల గుంపుకి ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. పురుష నాయకుడు ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంటికి ప్రార్థనకి వెళ్లకూడదు, రాత్రిళ్లు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఎంత పెద్ద పాస్టరుగారైనా సరే.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పెద్దల మధ్య రాజీ చెయ్యడానికి లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. సంఘం పరువు పోతుందని దాచితే దాచినవాళ్లు కూడా నేరస్థులే.

11. ఎదుగుతున్నారో లేదో చూడడం, గుంపుని విడదీయడం

హాజరు పుస్తకం ఒక్కటే నమ్ముకోవద్దు. మూడు నెలలకోసారి నాయకుడు, పాస్టరుగారు కూర్చుని ఒక్కొక్కరి గురించి ఇవి అడగాలి:

- ఎవరూ చెప్పకుండా వాక్యం చదువుతున్నారా, వింటున్నారా
- ఇంట్లో భార్య, భర్త, అత్త, కోడలు ఏమైనా తేడా చూశారా
- తాగుడు, పేకాట, తూకంలో మోసం వంటివాటిలో ఒకటైనా వదిలారా
- మాటల్లేనివాళ్లతో కలిశారా
- విన్నది ఇంకొకరికి చెప్పారా

తాగుడు మానినవాళ్లు మళ్లీ జారతారు. సాక్ష్యం చెప్పించడానికి తొందరపడకండి. మందిరంలో మైకు ముందు నిలబెట్టాక జారితే సిగ్గుతో గుంపుకే రావడం మానేస్తారు. ఏడాది పోనివ్వండి.

ఐదో నెల నుంచి నాయకుడు పక్కకి జరగడం మొదలుపెట్టాలి. ఒక వారం ప్రశ్నలు ఇంకొకరు అడగాలి, మరో వారం కూటం అంతా వాళ్లే నడపాలి, నాయకుడు మూల కూర్చుని వినాలి. కూటం అయ్యాక దారిలో నడుస్తూ ఒక మెచ్చుకోలు, ఒక దిద్దుబాటు చెప్పాలి. రెండు దిద్దుబాట్లు వద్దు.

ఏడాది తిరిగాక అలా నడపడం నేర్చుకున్నవాళ్లలో ఒకరికి కొత్త గుంపు అప్పగించండి. పాత గుంపు నుంచి ఒకరిద్దరిని తోడు పంపండి. దగ్గరి స్నేహితులంతా కలిసి వెళ్లిపోకుండా చూసుకోండి, లేదంటే పాతది కూలుతుంది. కొత్త నాయకుడికి ఇవ్వాల్సినవి: తెలుగు బైబిల్ ఒకటి, ఒడియా బైబిల్ ఒకటి, వాక్యభాగాల జాబితా, నాలుగు గడుల నోటు పుస్తకం. పాత గుంపులో విన్న సొంత విషయాలు రాసిన కాగితాలేమైనా ఉంటే కొత్తవాళ్ల చేతికి ఇవ్వకుండా చింపెయ్యండి.